చిలుక ముక్కు పట్టకారైన రోజు

ఒకప్పుడు చిలుక ముక్కు ఇప్పటిలా ఉండేది కాదు. ఆకుపచ్చగా, సూదిలా నిటారుగా ఉండేది. ఆ ముక్కంటే చిలుకకు ఎంత మురిపెమో! పొద్దున్నే వాగు నీళ్లలో చూసుకునేది. "ఈ అడవి మొత్తంలో ఇలాంటి ముక్కుందా?" అని కనబడ్డవాళ్లనల్లా అడిగి విసిగించేది. నోరు మూతపడితే ఒట్టు!

ఒకరోజు గొర్రెలు మేపుకునే కొమరమ్మ, తన చిన్న కూతురు ఎల్లితో ఆ వాగు దాటుతోంది. నడి వాగులో వాళ్ల గాడిద కాలు జారింది. దాని వీపు మీది వంటసామాన్ల మూట కాస్తా నీళ్లపాలైంది. కుండ పోయింది, గరిటె పోయింది. కొమరమ్మ భుజానున్న సంచిలో మిగిలింది ఒక చెంబు, ఒక కొబ్బరి చిప్ప, ఇంత జొన్నపిండి.

"అమ్మా, ఆకలైతుందే," అంది ఎల్లి ఒడ్డెక్కగానే.

"ఏడ్వకు బిడ్డా. వంటిల్లు ఇప్పుడే చేస్త, చూడు!"

అన్నట్టే చేసింది! చిలుక కొమ్మ మీంచి కళ్లార్పకుండా చూసింది. మూడు రాళ్లు పొయ్యి అయ్యాయి. చెంబే కుండ అయింది. వెదురు పుల్ల కొస చీల్చి, అందులో కొబ్బరి చిప్పను బిగించేసరికి గరిటె తయారు! మోదుగాకు మూతయింది. "భలే! భలే!" అని చిలుక కొమ్మ మీదే గంతులేసింది.

అంబలి కుతకుతలాడింది. అంతలో ఒక పొయ్యిరాయి జరిగింది. చెంబు మంటలోకి ఒరిగింది! కొమరమ్మ చెయ్యి గబుక్కున పొయ్యికి ఎడమ పక్కకు పోయింది. ఇంట్లో పట్టకారు ఉండేది అక్కడే మరి. ఇక్కడ ఉత్త నేల తగిలింది. అన్నీ చేసింది కానీ, పట్టకారు చెయ్యడమే మరిచిపోయింది! కొంగుతో పట్టుకుందామంటే మంట పైపైకి లేస్తోంది.

"అయ్యో, నా బిడ్డ బువ్వ! ఇంకింత పిండి గూడ లేదు!"

చిలుక ఇక ఆగలేదు. రివ్వున దిగి చెంబు అంచును ముక్కుతో పట్టేసి, రెక్కలు టపటపా కొడుతూ వెనక్కి లాగింది.

"వదిలెయ్ చిలుకా! నీ ముక్కు కాలిపోతుంది. ఆగడం నాకు చేతకాదు!" అని మంట కేకేసింది.

బదులు చెబుదామంటే ఎలా? నోరు తెరిస్తే చెంబు పడిపోతుంది! పుట్టాక మొదటిసారి చిలుక నోరు మూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు ఎర్రబడింది, మెత్తబడింది, బరువుకు కిందికి వంగింది. అయినా వదల్లేదు.

కొమరమ్మ కర్రతో రాయిని నెట్టి చెంబు కింద ఇరికించింది. "నిలిచింది! ఇగ ఇడువు తల్లీ, ఇడువు!"

కాస్త చల్లారగానే ఎల్లి అంబలి జుర్రుజుర్రుమని తాగింది. చిలుక మాత్రం వాగులో చూసుకుని బావురుమంది. "నా ముక్కు! ఇక నన్నెవరు చూస్తారు?"

మూతికి అంబలి అంటుకునే ఉంది, ఎల్లి పరుగెత్తుకొచ్చింది. ఆ ఎర్రటి వంకర ముక్కును ముద్దు పెట్టుకుంది. "అమ్మా, నాకు గూడ గిసొంటి ముక్కు కావాలె!" అని మారాం చేసింది. చిలుకకు ఏడుస్తూనే నవ్వొచ్చింది.

అప్పటినుంచే చిలుక ముక్కు ఎర్రగా, కొస కిందికి వంగి ఉంది. అది ఆ ముక్కుతో దేన్నైనా పట్టిందంటే ఒక పట్టాన వదలదు.