రాజనౌక చుక్కాని

ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేదట. దాన్నేలే కీర్తిసేన మహారాజుకి తన నోట వచ్చిన మాటంటే తనకే మహా భక్తి. ఒకసారి అన్నాక అదే శాసనం.

ఆయన రాజనౌకకి చుక్కాని పట్టే ముసలి నాగులు ఆ ఏడు పోయాడు. అతని పక్కనే ఇన్నేళ్లూ తెడ్డు వేసినవాడు పోలయ్య. ఎక్కడ ఇసక మేట వేస్తుందో, ఏ మలుపులో సుడి తిరుగుతుందో ముసలాయన చెబుతుంటే వినేవాడు. తీరిక దొరికితే సొంత దోనె వేసుకుని వెళ్లి చూసుకునేవాడు. ఎప్పటికైనా ఆ చుక్కాని పట్టాలని అతని ఆశ.

ధైర్యం చేసి కొలువుకి వెళ్లి అడిగాడు. రాజుగారు మీసం సవరించుకుని, ఇదివరకు రాజనౌక చుక్కాని పట్టావా అన్నారు. లేదన్నాడు పోలయ్య.

"పట్టనివాడికి ఎలా ఇస్తాం? ఏ పదవైనా అది చేసి ఉన్నవాడికే. పొరుగు దేశం నుంచి పిలిపిస్తాం. తెడ్డు వేసేవాళ్లని వాడే తెచ్చుకుంటాడు. నువ్విక రానక్కర్లేదు."

ఉన్న తెడ్డు కూడా పోయింది. ఇంట్లో ఏం చెప్పాలో తెలియక పోలయ్య కోట మెట్లమీదే కూలబడ్డాడు. కొలువులో మాటకారి లింగన అది చూసి దగ్గరికి వచ్చాడు. భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ వారమే రాకుమారుడికి యువరాజ పట్టాభిషేకం. ఏర్పాట్లు లింగనవే. ముహూర్తం దగ్గర పడినా పందిట్లో ఒక్క మామిడాకూ కట్టలేదు. రాజుగారు మండిపడి పిలిపించారు.

లింగన వచ్చి చేతులు కట్టుకున్నాడు. "చినబాబుగారిని అడిగాను ప్రభూ, ఇదివరకు యువరాజుగా చేశారా అని. లేదన్నారు. అందుకని, చేసి ఉన్నవాణ్ణి పంపమని పొరుగు దేశానికి కబురు పెట్టాను."

కొలువంతా బిగుసుకుపోయింది.

"వాడు నా కొడుకయ్యా. పుట్టినప్పటినుంచీ నా పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఆమాత్రం నేర్చుకోడూ?"

"పోలయ్య కూడా పక్కన కూర్చున్నవాడే ప్రభూ."

రాజుగారికి తానన్న మాట తనకే గుర్తొచ్చింది. అంత పెద్దాయన మొహమూ చిన్నపిల్లాడి మొహంలా అయిపోయిందట. ఆ తరవాత నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో, సింహాసనం చేతులు పట్టుకుని నవ్వారు. తన మెడలో హారం తీసి లింగన మెడలో వేసి, పోలయ్యని తీసుకురమ్మన్నారు.

పట్టాభిషేకం నాడు యువరాజుని ఏటిమీద ఊరేగించడానికి రాజనౌక కదిలే ముందు, చుక్కాని మీద పోలయ్య చేతులు వణకడం రాజుగారి కంట పడింది. దగ్గరికి వెళ్లి, ఎవరికీ వినపడకుండా, భయమా అని అడిగారు.

"భయమే ప్రభూ."

"సింహాసనం ఎక్కిన రోజున నా కాళ్లూ ఇలాగే వణికాయి. పట్టుపంచె ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. కానియ్యి."