పది కొట్టాక నీళ్లు

గడియారంలో తప్పు లేనప్పుడు జనం తనని ఎందుకు తిడుతున్నారో కాశీపతికి అర్థం కాలేదు.

ఇప్పలవలసలో గడియార స్తంభాన్నీ, దాని కింద చేతిపంపునీ జమీందారు ఒకే ఏడాది పెట్టించాడు. కట్టుబాటూ అప్పుడే పెట్టాడు. పొద్దున పది కొట్టేదాకా నీళ్లు ఎగువ వీధివి. పది కొట్టాకే దిగువ వీధివాళ్లు పంపు ముట్టుకోవాలి. నలభై ఏళ్లుగా అదే నడుస్తోంది. గడియారం చూసేది లతీఫ్ ఉస్తాద్. ఆయన దగ్గర పని నేర్చుకున్న కాశీపతి, మూడేళ్లలో అర నిమిషం తేడా రానివ్వలేదు. ఆ సంగతి అడక్కపోయినా చెప్పేవాడు.

ఆ రోజు పదికి ఇరవై నిమిషాలుందనగా, దిగువ వీధి గురవమ్మ ఖాళీ బిందెతో వచ్చింది. పంపు దగ్గర ఎవరూ లేరు.

"కోడలికి నొప్పులొస్తన్నాయి బాబూ. ఒక్క బిందె."

"ఇంకా ఇరవై నిమిషాలుందమ్మా."

"బిడ్డ నీ గడియారం చూసుకుని పుడతాదేటి?"

కాశీపతికి ఉక్రోషం వచ్చింది. స్తంభం గడప మీద కూర్చున్న ఉస్తాద్ వైపు తిరిగాడు. "మీరే చెప్పండి ఉస్తాద్. టైము సరిగ్గా చూడటం తప్పా?"

ఉస్తాద్ మెట్లెక్కి పైకి పోయాడు. కాసేపటికి పెద్ద ముల్లు ముందుకు జరిగింది. గంట పదిసార్లు మోగింది.

గురవమ్మ పంపు కొట్టింది.

ఆమె అటు వెళ్లిందో లేదో మునసబు ఇటు వచ్చాడు, జేబుగడియారం చేత్తో పట్టుకుని.

"ముసలాడికి మతి పోయిందా? కాశీపతీ, నువ్వెక్కు. ముల్లు వెనక్కి తిప్పు. రేపట్నించి ఈ ఉద్యోగం నీదే."

"వెళ్లు" అన్నాడు అప్పటికే కిందికి దిగొచ్చిన ఉస్తాద్. "తిప్పడం నీకూ వచ్చుగా."

కాశీపతి ఎక్కాడు. గడియారం ముఖంలో ఉన్న చిన్న తలుపు తెరిచి ముల్లు మీద చెయ్యి వేశాడు. వెనక్కి తిప్పడం నిమిషం పని. కింద పంపు చుట్టూ నేల ఇంకా తడిగా ఉంది. ఇన్నేళ్లూ అర నిమిషం తేడా లేకుండా తను దేనికి కాపలా కాశాడో పైనుంచి కనిపించింది.

మర విప్పాడు. ముందు పెద్ద ముల్లు కింద పడింది. తర్వాత చిన్నది. చివరికి గంట కొట్టే సుత్తి. మునసబు వెనక్కి గెంతాడు.

"ఒరేయ్! ఎప్పుడు ఎవరి వంతో ఎలా తెలుస్తుందిరా?"

"ముందొచ్చినవాళ్లది!" పైనుంచి అరిచాడు కాశీపతి.

ఉస్తాద్ తలెత్తి, ముళ్లు లేని గడియారాన్ని చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు.