తలుగు వెతికిన చుక్కడు

రండి, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్న చంటీ, నువ్వు కూడా రా. ప్రసాదం గిన్నె ఎక్కడికీ పోదు, నా పక్కనే ఉంది. ముందు చెవులు ఇటివ్వండి. దేవుడు ఒక చిన్న ప్రాణి బుర్రలో ఎంత వెలుగు దాచాడో చెబుతాను.

అనగనగా గోదావరి నడుమ ఒక లంక. చుట్టూ నీళ్లు, మధ్యలో ఇసుకా రెల్లుగడ్డీ. ఆ లంకలో పల్లాలమ్మ అనే ఆవిడ పాక వేసుకుని పాడి చూసుకునేది. ఆవిడకి గంగ అనే గేదె, గంగకి ఒక దూడ, ఇంకా చుక్కడు అనే కుక్క ఉండేవి. నుదుటి మీద తెల్లచుక్క ఉంది కాబట్టి వాడు చుక్కడు. ఆ రోజుల్లో జంతువులు మాట్లాడేవి, మనుషులు వినేవాళ్లు.

చుక్కడికి ఏ లోటూ లేదు. పొద్దున పెరుగన్నం, సాయంత్రం చేపముక్క. బిడ్డలాంటి వాడికి పని చెప్పడమేంటని పల్లాలమ్మ వాణ్ణి పాక గుంజకి కట్టేసి, కడుపునిండా పెట్టేది. ప్రేమంటే అదే అనుకుంది.

వాడు మాత్రం కుదురుగా ఉండేవాడు కాదు. మొదట గుంజ దగ్గర విడిచిన పల్లాలమ్మ చెప్పు కొరికేశాడు. తర్వాత పక్కనే ఉన్న గడ్డివాము పీకి పాక ముందంతా పరిచాడు. మూడోసారి కట్టు తెంపుకుని, దూడ మెడకి కట్టే తాడుందే, తలుగు, దాన్ని కొరికి తెంపేశాడు. దూడ పరిగెత్తి తల్లి పొదుగులో బొట్టు మిగల్చకుండా తాగేసింది. ఆ పూట అమ్ముకోవడానికి పాలు లేవు.

గంగ వీపు మీద వాలే తెల్లకొంగ నవ్వింది. "ఏరా చుక్కా, గడ్డివాము అయింది. రేపు పాక కూడా తినేస్తావా?"

చుక్కడు తల దించుకున్నాడు. ఎందుకు చేస్తున్నాడో వాడికే తెలియదు.

పల్లాలమ్మకి కోపం కన్నా దుఃఖం ఎక్కువైంది. నాకు ఈ పాలే ఆధారం, పాల కోసం పడవ రాగానే వీణ్ణి అవతలి ఒడ్డున వదిలేసి రమ్మని పడవవాడికి చెబుతాను అంది. చుక్కడు పాక మూలకి నక్కాడు. అవతలి ఒడ్డున వాడికి ఎవరున్నారు?

అప్పుడు గంగ నెమరు ఆపింది. గేదె నెమరు ఆపిందంటే పెద్ద మాటే చెప్పబోతోందన్నమాట.

"అమ్మా, వాడి కడుపు నిండే ఉంది. బుర్ర పస్తుంటోంది. నేనంటే మేసింది నెమరేసుకుంటూ పొద్దుపుచ్చుతాను. వాడు నెమరేసుకోవడానికి నువ్వేమిచ్చావు?"

పల్లాలమ్మ వచ్చి చుక్కడి ముందు కూర్చుంది. తర్వాత దూడ వాసన పట్టిన ఆ తెగిన తలుగు ముక్క తీసి, చుక్కడి ముక్కు దగ్గర పెట్టింది. పడవ వచ్చింది. వాణ్ణి ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి పాలు తీయడం అవగానే ఆవిడ ఆ ముక్కని దాచి, "వెతుకు" అనేది. మొదట్లో చుక్కడు తోక ఊపుకుంటూ ఆవిడ చుట్టూనే తిరిగాడు. కొంగ పడీపడీ నవ్వింది. పోనుపోను వాడికి కిటుకు తెలిసింది. కుండ వెనక దాచినా, రెల్లు దుబ్బులో దాచినా, ఇసుకలో పూడ్చినా తీసేవాడు. ఒకరోజు ఎక్కడ పెట్టిందో ఆవిడే మర్చిపోయింది. చుక్కడు నేరుగా వచ్చి ఆవిడ నడుం దగ్గర మూతి పెట్టాడు. బొడ్డులో దోపుకుని లంకంతా తిరుగుతోంది మహాతల్లి.

ఆ తర్వాత "ఆగు" నేర్పింది. చేపముక్క ఎదురుగా ఉన్నా, ఆవిడ సరేననే దాకా కదలకూడదు. వాడికి అన్నిటికన్నా కష్టం అదే. చొంగ కారేది, కాళ్లు మాత్రం కదిలేవి కావు. ఆపైన "తీసుకురా" నేర్పింది. తాడు కొరికిన నోటితోనే తాడుని మెత్తగా పట్టుకుని తేవడం.

వాన పడినా, ఒళ్లు నొప్పిగా ఉన్నా ఆవిడ మానలేదు. కాసేపే. దేవుడికి దీపం పెట్టినట్టు, రోజూ. అది అయ్యాక చుక్కడు నీడన పడి హాయిగా నిద్రపోయేవాడు. గడ్డివాము జోలికి పోలేదు.

"తాడు ముక్క కోసం ఇంత చదువెందుకురా?" అని కొంగ దెప్పింది.

"ఏమో కొంగమ్మా. వెతుకుతుంటే నా లోపల ఎవరో దీపం పట్టుకున్నట్టుంటుంది" అన్నాడు చుక్కడు.

ధనుర్మాసం వచ్చింది. ఒక పొద్దున లంక మీదికి మంచు దిగింది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించలేదు. నేల ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. ఆ తెలుపులోంచి గంగ అరుపు వినిపించింది. తడి ఇసుకలో కట్టుగుంజ ఊడిపోయి, దూడ కొత్త తలుగు ఈడ్చుకుంటూ ఎటో పోయింది. లంకకి ఒక పక్క ఒడ్డు కోసుకుపోతోంది. అక్కడ కాలు పెడితే మట్టి విరిగి నదిలో పడుతుంది.

పల్లాలమ్మ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కొంగ ఎగిరి, చూసి, తిరిగొచ్చింది. నాకూ ఏం కనపడలేదు తల్లీ అంది. దాని గొంతులో నవ్వు లేదు.

పల్లాలమ్మ వంగి చుక్కడి చెవిలో అంది. "వెతుకు నాన్నా."

చుక్కడు నేలకి ముక్కు ఆనించాడు. మన కళ్లకి అంతా తెలుపే. వాడి ముక్కుకి మాత్రం ఆ తెలుపు నిండా దారులే. ఇది పాల వాసన. ఇది రెల్లు. ఇదిగో, తడిసిన తాడు. పిల్లలూ, ఆ దారులు గీసిందెవరు? మన కంటికి దాచి, కుక్క ముక్కుకి చూపించిందెవరు? తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది నాకు.

ఆ దారి విరిగే ఒడ్డుకే తీసుకెళ్లింది. దూడ అంచున నిలబడి వణుకుతోంది. మొరిగితే బెదిరి ఒకడుగు వెనక్కి వేస్తుంది. వెనక గోదావరి. చుక్కడి కాళ్లు ఉరకమన్నాయి. లోపల "ఆగు" అన్న అమ్మ మాట వినిపించింది. ఆగాడు. చేపముక్క ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు. దూడ వణుకు తగ్గింది. మెల్లగా మూతి చాపి వాణ్ణి వాసన చూసింది. అప్పుడు వాడు తలుగు కొసని మెత్తగా నోట పట్టుకుని లేచాడు.

పల్లాలమ్మ చూస్తూ ఉంది. మంచులోంచి ముందు ఒక మూతి వచ్చింది. ఆ మూతిలో తాడు. ఆ తాడు చివర దూడ.

ఆవిడ రెండు చేతులూ జోడించింది. కుక్కకో దేవుడికో ఆవిడకే తెలియదు.

"ఇంత వెలుగుని నేను గుంజకి కట్టేశాను స్వామీ" అంది.

కొంగ గంగ వీపు మీంచి లేచి, వచ్చి చుక్కడి వీపు మీద వాలింది.

పిల్లలూ, ఈ కథంతా మర్చిపోయినా పర్లేదు. పల్లాలమ్మ రోజూ తాడు ముక్క దాచి "వెతుకు" అన్నదే, అదొక్కటి గుర్తుంచుకోండి. మీ దగ్గర పెరిగే కుక్కకి అన్నం పెట్టాక, కాసేపు మీరూ అలాగే చెయ్యండి. రేపూ చెయ్యండి, ఎల్లుండీ చెయ్యండి.

ఇక ప్రసాదం. కథ చెబుతూ ఆ గిన్నె దాచేశాను. వెతకండి.

నీతి: ప్రాణికి కడుపు నింపితే చాలదు, దేవుడిచ్చిన తెలివికీ రోజూ కాస్త పని పెట్టాలి.