ఈ కూత ఎవరిది?

ఆటలో అవతలివాడు మిమ్మల్ని కొరికాడనుకోండి. తిరిగి కొట్టొచ్చా, కొట్టకూడదా?

చేతులెత్తకండి, ఇది బడి కాదు. కౌస్తుభ్, నీ జవాబు నాకు తెలుసు. నీ మోచేతి మీద కందిపోయిన పళ్ల గుర్తులు, తిరిగి కొట్టినందుకు నిన్నే ఆటలోంచి పంపేశారన్న ఉక్రోషం, రెండూ నిన్నటి నుంచీ చూస్తూనే ఉన్నాను. నీలిమా, నువ్వు "కొట్టకూడదు అమ్మమ్మా" అంటావు. నిన్నెవరూ కొరకలేదు కాబట్టి అంటావు. ఇద్దరూ ఇలా వచ్చి కూర్చోండి. ఈ చింతపండులో గింజలు తీసే పని కాసేపు పక్కన పెడతాను.

ముందు ఆట సంగతి తేల్చుకుందాం. మీరు కబడ్డీ అంటారు, మేం చెడుగుడు అనేవాళ్లం. నడుమ ఒక గీత. ఒకడు "చెడుగుడు చెడుగుడు" అని ఒకే ఊపిరిలో కూత పెడుతూ అవతలి బరిలోకి వెళ్లాలి. ఎవరినో ఒకరిని తాకి, కూత తెగకుండా గీత దాటి రావాలి. అలా వస్తే తాకించుకున్నవాడు అవుట్. ఈలోగా అవతలివాళ్లు పట్టేసి, కూత తెగేదాకా ఆపగలిగితే వెళ్లినవాడే అవుట్. కూత తెగకూడదు. అది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అడుగుతాను.

ఇక కథ. ఒక అడవిలో రాతిగుట్ట కింద ఒక వంక ఉండేది. వానాకాలం పారేది, ఎండాకాలం ఇసుకే మిగిలేది. ఆ ఇసుకలో జంతువులన్నీ కలిసి ఒక చెలమ తవ్వుకునేవి. చెలమంటే గుంటే, కాకపోతే అందులో నీరు దానంతటది ఊరుతుంది. తెల్లవారేసరికి నిండి అద్దంలా ఉంటుంది. ముందు తాగినవాళ్లకు అద్దం, చివర తాగినవాళ్లకు అడుగునీళ్లు.

నీళ్ల కోసం కొట్టుకుచావడమెందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఎండలు ముదిరేముందు ఒక సాయంత్రం ఆ ఇసుకలోనే చెడుగుడు ఆడాలి. గడ్డి మేసేవాళ్లు ఒక పక్షం, నక్కలు ఒక పక్షం. గెలిచినవాళ్లు ఆ వేసవంతా ముందు తాగాలి.

నిరుడు నక్కలు గెలిచాయి. గెలిచినవి తాగి ఊరుకున్నాయా? రోజూ చెలమలోకి దిగి పొర్లి, తోకలు విదిలించుకుని పోయేవి. ఆ బురదనీళ్లు తాగి చుక్కమేక పిల్ల కడుపుబ్బి చచ్చిపోయింది. నుదుట తెల్లని చుక్క ఉంటుంది కనక దాన్ని చుక్కమేక అనేవాళ్లు. ఈ ఏడు దానికి మళ్లీ రెండు పిల్లలు పుట్టాయి. ఇంకా కాళ్లు నిలదొక్కుకోలేదు. మిగతావాళ్లకు ఆట ఆటే. చుక్కమేకకు అది ఆ రెండు పిల్లల ప్రాణం.

తీర్పరిగా గుడ్లగూబ తాతను కూర్చోబెట్టారు. ఆయన గడ్డీ మేయడు, ఆ చెలమలో నీళ్లూ తాగడు, కాబట్టి ఎవరి పక్షమూ కాదు. పొద్దు ఉండగా కళ్లు సరిగా ఆనవు గానీ, చెవులు మాత్రం పాము చెవులు. కూత తెగిందా లేదా చెప్పడానికి చెవులుంటే చాలు కదా అన్నారంతా. ఆయన ఎండిపోయిన మద్దిచెట్టు కొమ్మమీద కూర్చుని తీర్పు చెప్పేవాడు.

ఆటలో కొరకకూడదు, పొడవకూడదు. కొమ్ము లేపినవాడు అక్కడికక్కడే అవుట్. ఊరికే పెట్టిన నియమం కాదది. ఒకప్పుడు ఇలాంటి ఆటలోనే ఒక దుప్పి కన్ను పోయింది. నియమం మంచిదే. అయితే దుమ్ము లేచినప్పుడు కొమ్ములు దుమ్ముకు పైన ఉంటాయి, కోరలు దుమ్ముకు కింద ఉంటాయి. కొమ్మమీద కూర్చున్నవాడికి ఏవి కనిపిస్తాయో చెప్పండి?

కొమ్ములే. ఆ సంగతి నక్కల్లో పెద్దది అందరికంటే ముందు కనిపెట్టింది.

ఆట మొదలైంది. గడ్డి మేసేవాళ్ల పక్షాన ముసలి ఎద్దు, ఎర్రపొట్టేలు, చుక్కమేక, ఒక కుందేలు. అటు ఆ పెద్దనక్క, దాని బావమరిది, ఇంకో రెండు నక్కలు. కుందేలు తొలి కూతకే తాకించుకుని బయటికెళ్లి కూర్చుంది. రెండోసారి నక్క కూత పెట్టుకుంటూ వచ్చి, కాళ్లతో ఇసుక ఎగజిమ్మి, ఆ దుమ్ములో ఎద్దు మడమ కొరికి వెనక్కి పరిగెత్తింది. ఎద్దు మూలిగింది, అంతే. తాకింది కాబట్టి అవుట్ అన్నాడు గూబతాత. ఎద్దు కుంటుకుంటూ వెళ్లి కుందేలు పక్కన నిలబడింది.

మూడోసారీ నక్కే కూతకు వచ్చింది, ఈసారి పొట్టేలు మీదికి. నక్క గీత దగ్గరే దాని ముంగాలు పట్టి కొరికింది. కొరికి వదిలేసి, వెనుదిరిగి పరుగందుకుంది. పొట్టేలు ఒళ్లు మండిపోయింది. వెంటపడి నక్క తుంటిమీద ఒక్కటిచ్చింది. దుమ్ముకు పైన కొమ్ములు లేవడం గూబతాత చూశాడు.

"కొమ్ము లేచింది. పొట్టేలు అవుట్."

"వాడు కొరికాడు తాతా," అంది పొట్టేలు.

"కొరికితే కూత తెగాలి కదరా. నేను చెవొగ్గి విన్నాను. ఎక్కడా తెగలేదు. కొరికే నోరు కూత ఎలా పెడుతుంది?"

పొట్టేలు కాలు ఈడ్చుకుంటూ ఎద్దు పక్కకు వెళ్లింది. నక్క మాత్రం తుంటి పట్టుకుని, ఇలాంటి రౌడీలతో ఆడలేమని, వచ్చే ఏడు నుంచి కొమ్ములున్నవాళ్లను బరిలోకే రానీయొద్దని, అందరికీ వినిపించేలా ఏడ్చింది.

ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఆట ఆపారు. గడ్డి మేసేవాళ్లు ఒకచోట చేరారు. పొట్టేలు తోక తొక్కిన తాచులా ఉంది. ఈ నియమమే తప్పుడుదనీ, కొరికినవాణ్ణి పొడవనివ్వని ఆట ఆటే కాదనీ అంది. "మనకు దేవుడు కొమ్ములెందుకిచ్చాడు, పూసలు కట్టుకోవడానికా?" అంది.

ఎద్దు తల అడ్డంగా ఊపింది. మనం కూడా పొడిస్తే మనకూ నక్కకూ తేడా ఏముందని అడిగింది. "ఓర్చినమ్మకు తేటనీరు అన్నారు పెద్దలు. ఓర్చుకోండి."

"నిరుడు ఓర్చుకున్నాను బాబాయ్," అంది చుక్కమేక. "నక్కలు పొర్లిపోయాక నాకు తేటనీరు ఎక్కడ మిగిలింది?"

ఎద్దు వంగి తన మడమ నాక్కుంది. చుక్కమేకకు మాత్రం గూబతాత వేసిన ప్రశ్న బుర్రలో తిరుగుతూ ఉంది. కొరికే నోరు కూత ఎలా పెడుతుంది? నిజమే కదా, ఎలా పెడుతుంది? పొట్టేలును కొరికినప్పుడు తాను ఎటు నిలబడింది, కూత ఎటునుంచి వినబడింది అని ఒక్కటొక్కటే గుర్తుచేసుకుంది. గీతకు అవతల, నేలకు కరుచుకుని నక్క బావమరిది కూర్చుని ఉండడం అప్పుడు తట్టింది.

మీకూ తట్టిందా? అదీ సంగతి. నక్క కొరికేటప్పుడు నోరు మూతపడేది, ఆ కాసేపూ బావమరిది కూత అందుకునేది. బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అని సామెత. ఈ బావమరిదికి బావంటే ప్రాణం. నక్కల గొంతులన్నీ ఒకే గొంతు. కొరికేది గీత దగ్గర, కూసేదీ గీత దగ్గర. కొమ్మమీదున్న గూబతాతకు రెండూ ఒకటిగానే వినిపించాయి.

చుక్కమేక మద్దిచెట్టు కిందికి వెళ్లింది. "తాతా, ఒక సందేహం. కూతకు వచ్చినవాణ్ణి పట్టడం తప్పా?"

"పట్టడమే కదమ్మా ఆట. తప్పెలా అవుతుంది?"

"మాకు చేతుల్లేవు. కొమ్ములతో పట్టుకోవచ్చా?"

గూబతాత కళ్లు మూసుకుని ఆలోచించాడు. "పట్టుకో. పొడవకు. పొడిస్తే నువ్వూ అవుటే."

ఆట మళ్లీ మొదలైంది. ఇటు మిగిలింది చుక్కమేక ఒక్కటే. అది గీత దగ్గర నిలబడలేదు. వెనక్కి, వెనక్కి నడిచి, బరి చివర ఒడ్డుకు ఆనుకుని నిలబడింది. నక్కలు పకపకా నవ్వాయి.

"ఏం అక్కా, ఇంటిదారి చూసుకుంటున్నావా?" అంది నక్క. "పిల్లల మూతులు ఎండిపోతున్నాయటగా. మేం తాగాక తాగిద్దువుగానిలే, మిగిలితే."

చుక్కమేక ఒడ్డుకు ఇంకాస్త ఆనుకుంది. నక్క కూత అందుకుంది. చెడుగుడు చెడుగుడు అంటూ బరంతా దాటి చివరిదాకా రావాల్సి వచ్చింది. వచ్చి ఇసుక ఎగజిమ్మింది. ఆ దుమ్ములో చుక్కమేక కాలు దొరకబుచ్చుకుని కసిగా కొరికింది. అటు గీత దగ్గర బావమరిది కళ్లు మూసుకుని కూత అందుకుంది.

నొప్పి నెత్తికెక్కింది. నక్క మెడ కొమ్ముల ముందే, జానెడు దూరంలో ఉంది. ఒక్క పోటు చాలు. చచ్చిపోయిన పిల్ల గుర్తొచ్చింది. బతికున్న రెండూ గుర్తొచ్చాయి. చుక్కమేక తల పైకెత్తలేదు, కిందికి దించింది. నక్క మూతిని రెండు కొమ్ముల నడుమ ఇరికించి, ఇసుకలోకి అదిమి, అలాగే నిలబడింది. పొడవలేదు, కదల్లేదు.

కదిలేవాళ్లు లేకపోతే దుమ్మెక్కడిది? మెల్లగా అణిగిపోయింది. చూస్తున్నవాళ్లందరికీ బరి చివర మేక, మేక కింద నక్క, ఇసుకలో కూరుకుపోయిన నక్క మూతి కనిపించాయి. కూత మాత్రం గీత దగ్గర గణగణ మోగుతూనే ఉంది. చెడుగుడు చెడుగుడు చెడుగుడు.

గూబతాత కొమ్మమీద అటూ ఇటూ కదిలాడు. ఏదో లెక్క కుదరలేదు ఆయనకు. రెక్కలు విప్పి, ఎన్నడూ దిగనివాడు కిందికి దిగాడు. గంతులేసుకుంటూ నక్క ముఖం దగ్గరికొచ్చి, కళ్లు చికిలించి చూశాడు. మూతికి అటొక కొమ్ము, ఇటొక కొమ్ము. పళ్ల మధ్య మేక వెంట్రుకలు.

"ఒరే నక్కా, నీ నోరు ఇక్కడుంది. ఈ కూత ఎవరిది?"

నక్క ఏం చెబుతుంది, నోటినిండా ఇసుకైతే. గూబతాత ఒళ్లు కదపకుండా తల మాత్రం గిర్రున వెనక్కి తిప్పాడు. గీత దగ్గర బావమరిది తోక నిగిడ్చి, మోర పైకెత్తి, బావ ఇంకా కొరుకుతున్నాడనే భరోసాతో పాడుతూ ఉంది. చుట్టూ అంతా నిశ్శబ్దంగా ఉందేమిటా అని చివరికి ఒక కన్ను తెరిచింది. కూత "చెడు" దగ్గర ఆగిపోయింది. రెండో సగం నోట్లోంచి రానేలేదు.

ముందు కుందేలు నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. కాలు కుంటుతున్న ఎద్దు కూడా నవ్వింది.

పొట్టేలు మాత్రం ఇసుక దువ్వుకుంటూ వచ్చింది. ఇప్పుడు దొంగ దొరికాడు కదా, తన బాకీ ఒక్క పోటుతో తీర్చుకుంటానంది.

"వద్దు తమ్ముడూ," అంది చుక్కమేక. "వాడు కొరుకుతుంటే ఆపాను. ఆగిపోయాడు. ఇక పొడిస్తే అది మనల్ని మనం కాచుకోవడం కాదు, కక్ష."

అని కొమ్ములు తీసేసింది. నక్క మూతి తుడుచుకుంటూ బావమరిది వైపు ఒక చూపు చూసింది. ఆ రాత్రి వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు.

గూబతాత నేలమీదే నిలబడి తీర్పు చెప్పాడు. దొంగకూత కూసిన పక్షం ఓడినట్టే అన్నాడు. "పొట్టేలా, నీ మాట నమ్మకపోవడం నా తప్పు. అయితే వాడు వదిలేసి పోతుంటే వెంటపడి పొడిచావు చూడు, అది నీ తప్పు. కొమ్ము లేస్తే అవుట్ అన్న మాటలో సగమే ఉంది. మిగతా సగం ఇవాళ కలుపుతున్నాను. కోరను ఆపడానికి కొమ్ము అడ్డం పెట్టొచ్చు, పట్టొచ్చు. ఆపాక పొడవకూడదు. ఇంకోటి, వచ్చే ఏడు నుంచి తీర్పరి కొమ్మమీద కూర్చోడు."

మర్నాడు తెల్లవారి చుక్కమేక పిల్లలు రెండూ మొట్టమొదట చెలమ దగ్గరికి వెళ్లాయి. నీళ్లలో తమ ముఖాలే చూసుకుని బెదిరి, ఆ తర్వాత తాగాయి. మేకలకు కాళ్లు తడవడం ఇష్టముండదు కదా, ఒడ్డునుంచే తాగాయి. చివరికి నక్కల వంతు వచ్చింది. బురద మిగిలి ఉంటుందనుకుంటూ నక్క తల దించుకుని వచ్చింది. చూస్తే నీళ్లు కాస్త తగ్గాయి, అంతే. తేటగానే ఉన్నాయి. ఇసుక నిండిన నోరు కడుక్కుని, చప్పుడు చేయకుండా తాగి వెళ్లిపోయింది.

దెబ్బను ఆపే బలం తప్పు కాదు; ఆపాక ఆగకపోవడమే తప్పు.

ఏంటి కౌస్తుభ్, మీ పీఈటీ సారు నేలమీదే ఉన్నారు కదా, ఆయనకెందుకు కనపడలేదంటావా? నేలమీద ఉన్నవాళ్లు కూడా ఒక్కోసారి అటు తిరిగి ఉంటారు. రేపు నేనూ నీతో బడికి వస్తాను. ఆ మోచెయ్యి చూపిద్దువుగాని. వాడు వదిలేసి పరిగెడుతుంటే వెంటపడి కొట్టానన్న సంగతి కూడా నీ నోటితోనే చెప్పాలి. రెండూ చెప్పాలి. కూత తెగకూడదు, ఆ కూత నీదే అయ్యుండాలి.

ఇక లేవండి. చేటలో చింతపండు సగం అలాగే ఉంది. ఎండ పోయేలోగా గింజలు తీసి ఆరబెట్టాలి, నేను పోతున్నా.