నిజాలే చెప్పిన మాంత్రికుడు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. చాలా కాలం కిందట వైజయంతపురాన్ని భద్రకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో చాటింపు వేసే పని కరాళుడనే మాంత్రికుడిది. అతను ఏనాడూ అబద్ధమాడలేదని పేరు. అందుకని అతని నోట ఏ మాట వచ్చినా జనం నమ్మేవారు, రాజూ నమ్మేవాడు.

ఆ కరాళుడి కన్ను సింహాసనం మీద పడింది. పెద్ద రాజకుమారుడు కత్తి దూసి, నిద్రపోతున్న రాజుగారి పక్కన నిలబడ్డాడని ఒకనాడు చాటాడు. అది నిజమే. గదిలోకి పాము వచ్చింది. ఆ పాము సంగతి కరాళుడు చెప్పలేదు. రెండో రాజకుమారుడు తండ్రికని తెచ్చిన పాలు తాగిన పిల్లి చచ్చిపోయిందని మరొకనాడు చాటాడు. అదీ నిజమే. అది ముసలిదై, చాలా రోజుల తరవాత చచ్చింది. ఆ సంగతీ చెప్పలేదు. కొడుకులు ఎంత మొత్తుకున్నా రాజు వినలేదు. ఇద్దరినీ చెరలో వేయించి, పున్నమి వెళ్ళగానే తలలు తీయమన్నాడు.

మూడోవాడు విమలుడికి అన్నలు అలాంటివారు కారని తెలుసు. ఏడుస్తూ సముద్రపు ఒడ్డుకు వెళ్ళాడు. అక్కడ పడవ నడిపే ముత్యాలి అనే పిల్ల అతన్ని కూర్చోబెట్టి, కరాళుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని చెప్పింది. ఇద్దరూ పడవెక్కారు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

అక్కడ చిలక కనబడగానే విమలుడు కత్తి ఎత్తితే, అది మాట్లాడింది.

"నన్ను చంపకు బాబూ, నేనెవరికీ కీడు చేయలేదు. కరాళుడు తాను నమ్మని మాట ఒక్కటి పలికినా నేను చస్తాను, నాతో వాడూ చస్తాడు. అందుకే వాడు నిజాలే ఏరి, సగం సగం చెబుతాడు. మిగతా సగం మీరే కల్పించుకుంటారు."

విమలుడు కత్తి దించాడు. వట్టి చేతులతో తిరిగి వెళ్ళడమెలాగా అని దిగులుపడ్డాడు. ముత్యాలి కాసేపు ఆలోచించింది.

"వాడు చూసింది అడగకండి దొరా," అంది. "వాడు నమ్మేది అడగండి."

పున్నమి నాటికి ఇద్దరూ వైజయంతపురం చేరారు. నిండు సభలో విమలుడు కరాళుడి ఎదుట నిలబడ్డాడు.

"నీ చాటింపు విని, మా అన్నలు నాన్నగారిని చంపబోయారని ఊరంతా నమ్మింది. నువ్వూ అలాగే నమ్ముతున్నావా?"

అవునంటే ప్రాణం పోతుంది. కాదంటే గుట్టు బయటపడుతుంది. సభంతా కరాళుడి నోటివైపే చూస్తోంది.

"నమ్మడం లేదు," అన్నాడు చివరికి, మెల్లగా.

రాజు ఇంకేమీ అడగలేదు. లేచి తానే చెరసాలకు నడిచి, తలుపులు తీసి, ఇద్దరు కొడుకులనూ కావలించుకుని ఏడ్చాడు. చిలక మీది జాలితో విమలుడు కరాళుణ్ణి చంపనివ్వలేదు. పడవెక్కించి సముద్రాల అవతలికి పంపేశారు.

అన్నలిద్దరూ తమ్ముడే రాజు కావాలన్నారు. విమలుడు ముత్యాలిని పెళ్ళాడి చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు. ఆ రోజుల్లో నాలుగువీధుల కూడలిలో ఎవరు చాటింపు వేసినా, వేసేవాణ్ణి చంకలో పిల్లనెత్తుకున్న ఇల్లాలైనా సరే ఆపి అడగవచ్చు: "మేమేమనుకోవాలని ఈ మాట చెబుతున్నావయ్యా?" బదులు చెప్పాకే అతను తప్పెట మీద మళ్ళీ దెబ్బ వేయాలి.