ముడి వెయ్యని ఆఖరి వరస

అయ్యవారిని ఏ ప్రశ్న అడిగినా ఆ పూట జవాబు రాదు. "చూద్దాం" అంటారు, అని చేస్తున్న పనిలో పడిపోతారు. మర్నాడు గుర్తుచేసినా అదే మాట. శాస్త్రం చెబుతారని, శ్లోకం చదువుతారని ఆశపడి పట్నం నుంచి కొండెక్కి వచ్చినవాళ్ళు నాలుగు పూటలుండి, ఉప్మా తిని, విసుక్కుంటూ దిగిపోయేవారు. కింద ఊళ్ళో ఆయనకు చాటుపేరు చూద్దాం స్వామి. ఆ పేరు ఒకసారి ఆయన చెవిని కూడా పడింది. బాగానే పెట్టారే అని నవ్వి ఊరుకున్నారు.

అసలు పేరు సదానందయ్య. కాషాయం కట్టరు, కాళ్ళకు దణ్ణం పెట్టనివ్వరు. మన్యంలో ఘాట్ రోడ్డు పక్కన ఒక పెంకుటి చావడి, దాని వెనక చిన్న బడి, ఆశ్రమమంటే అంతే. అక్కడ చలి ఎక్కువ. కార్తీకం వచ్చిందంటే పైన గూడేల్లో పసికందులు రొంప పట్టి, ఆయాసపడి, చేతికందకుండా పోయేవారు. అందుకని చాలా ఏళ్ళ కిందట అయ్యవారు చావడి అరుగు మీద ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఊలు అల్లిక మొదలుపెట్టించారు. పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక దుప్పటి, ఒక కుల్ల, గుప్పిట్లో పట్టుకోవడానికి ఒక బొమ్మ. అల్లేవాళ్ళలో బాగా చెయ్యి తిరిగిన మనిషి కామేశ్వరి. ఆమె చేతి దుప్పటి వెన్నలా ఉండేది. ఆమె అల్లిన కుందేలుకో ఏనుగుకో చివర నల్లదారంతో కళ్ళు కుట్టగానే అది మనవైపే చూస్తున్నట్టుండేది.

ఆమె భర్త నరహరి బడిలో లెక్కలు చెబుతాడు. అయ్యవారి శిష్యుల్లో ప్రశ్నలు ఎక్కువగా వేసేది అతనే. ఒక సాయంత్రం అయ్యవారు ఊలు ఉండ చుడుతుంటే ఎదురుగా కూర్చుని, ఎన్నాళ్ళనుంచో నోట్లో నలుగుతున్న మాట అడిగేశాడు.

"అయ్యవారూ, పోతుందేమో అనుకున్నదాని మీద ముందే మనసు పెట్టుకోకుండా ఉంటే, పోయిననాడు ఏడవక్కర్లేదు. వైరాగ్యమంటే అదే కదండీ?"

"చూద్దాం" అన్నారు అయ్యవారు.

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు మూడింటిని లెక్కపెట్టారు. మూడూ ఆ చోటు దాటగానే ఆవిరైపోతాయి. నరహరిది వాళ్ళ లెక్కకు అందని నాలుగోది. భార్య నెలలు నిండకముందే వచ్చి కూర్చుంది. నేనైతే దాన్ని వైరాగ్యం అనను, భయం అంటాను. భయానికి మంచి బట్టలు కట్టి బయటికి తీసుకొస్తే వైరాగ్యంలాగే ఉంటుంది, గుర్తుపట్టడం కష్టం.

అతని భయానికి కారణం లేకపోలేదు. కామేశ్వరికి తొలి కాన్పులో బిడ్డ కడుపులోనే పోయింది. రెండోసారి ఆడపిల్ల, బంగారుబొమ్మ. ఆ పిల్ల కడుపులో ఉండగానే కామేశ్వరి తెల్లటి దుప్పటి అల్లి ముగించి, ఒక ఏనుగును చేసి, దానికి కళ్ళు కూడా కుట్టి పక్కన పెట్టుకుంది. పిల్ల పుట్టింది, ఆ దుప్పట్లోనే పడుకుంది. రేపు పురుడనగా ఆ దుప్పట్లోనే చల్లబడిపోయింది. నరహరి దుప్పటితో సహా తీసుకెళ్ళి గోతిలో పెట్టి వచ్చాడు. ఏనుగును ఏం చేశారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టు అని మనమంతా తొందరపడేవాణ్ణి ఎగతాళి చేస్తాం. ఆ ఇంట్లో మాత్రం ఆ సామెత విని నవ్వేవాళ్ళు లేరు. కుట్టాం కాబట్టే పోయింది అని కామేశ్వరి గట్టిగా నమ్మింది. మళ్ళీ నెల తప్పాక ఆ ఇంట్లో బిడ్డ ఊసు ఎత్తడమే మానేశారు. పేర్లు అనుకోలేదు, ఉయ్యాల అడగలేదు, పాతచీర చింపి మడతపెట్టలేదు. అలా ఏమీ ఎరగనట్టు ఉంటే విధి ఈ గుమ్మం చూడకుండా పోతుందని వాళ్ళ ఆశ. నరహరి ఇంకో అడుగు ముందుకేశాడు. పురుడు వెళ్ళేదాకా బిడ్డ మొహం చూడకూడదని, ఎత్తుకోకూడదని లోలోపల ఒట్టు పెట్టుకున్నాడు.

కానీ చేతులు మనసు చెప్పినట్టు వింటాయా? కామేశ్వరి అరుగు మీద ఊరి పిల్లలకు అల్లినంతసేపు అల్లి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఇంకొకటి అల్లేది. పసుపురంగు ఊలు, చిన్న దుప్పటి. అన్ని వరసలూ అయ్యాయి. ఆఖరి వరస కుట్లు ఒక్కొక్కటే ముడివేసి సూది మీంచి దించేస్తే అయిపోతుంది. అది మాత్రం ఆమె చెయ్యలేదు. కుట్లన్నీ సూది మీదే ఉంచి, మిగిలిన ఊలు ఉండను పక్కనే పెట్టి, ట్రంకుపెట్టె అడుగున దాచింది. దానితోపాటు ఒక కుందేలు, కళ్ళు కుట్టనిది. ముగించనిది చేసినట్టు కాదు కదా, చెయ్యనిదాని జోలికి ఎవరొస్తారు? ఇదీ ఆమె లెక్క. నరహరి ఒకసారి పెట్టెలో పంచె వెతుక్కుంటూ ఆ దుప్పటిని చూశాడు, చూడనట్టే మూత వేశాడు. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు.

కాన్పుకు ముందే కిందికి తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాలని అనుకున్నారు. తుఫాను ముసురు పట్టింది. కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది, బస్సు ఆగిపోయింది. ఆ ముసురులోనే, ఇంకా నెలకు పైగా గడువుండగానే, మధ్యాహ్నం వేళ కామేశ్వరికి నొప్పులొచ్చాయి. కింద ఊరి మంత్రసాని పైడమ్మ తాటాకు గొడుగు వేసుకుని, బురదలో జారుకుంటూ వచ్చేసరికి బిడ్డ దాదాపు వచ్చేసింది.

ఆడపిల్ల. మరీ చిన్నది. ఒక్కసారి కీచుమంది, తరువాత ఏడవలేదు. గోడ అవతల నిలబడ్డ నరహరికి ఆ మౌనం వినిపించింది. తొలి కాన్పులోనూ ఇదే నిశ్శబ్దం విన్నాడు. లోపలికి వెళ్ళకూడదు, చూడకూడదు అనుకుంటూ తలుపు చెక్కను పట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో పైడమ్మే తలుపు తీసింది.

"బాబూ, పొడిగుడ్డలేయి? ఉన్న సీరలన్నీ తడిసిపోనాయి. పిల్ల కాళ్ళు నీలంగా ఉన్నాయి, సల్లగా ఉంది. తల్లి మీద ఏద్దారంటే దానికే ఒళ్ళు తెలీట్లేదు, నెత్తురింకా ఆగలేదు. ఊలుది ఏదైనా ఇయ్యి."

నరహరి తన పంచె ఒకటి ఇచ్చాడు. అది పలచన, ముసురుకు చెమ్మగిల్లి ఉంది. ఆమె చుట్టి చూసి, లాభం లేదని తల అడ్డంగా ఊపింది.

"ఊరందరి పిల్లలకీ దుప్పట్లల్లే ఇంట్లో దుప్పటి లేదేటి బాబూ?" అంది.

ఉంది. అతనికి తెలుసు. మంచం కింద పెట్టె లాగి మూత తీశాడు. ఆ చప్పుడుకు కామేశ్వరి కళ్ళు తెరిచింది. మాట రావడం కష్టంగా ఉన్నా మోచేతి మీద లేవబోయింది.

"అది తియ్యకండి. దాన్ని ముగించలేదు. ముగించలేదు కాబట్టే ఇది బతికి బయటపడింది. మీకు దణ్ణం పెడతాను, సూది తియ్యకండి."

భార్యది మూఢనమ్మకమని నరహరి ఎన్నోసార్లు అనుకున్నవాడే. లెక్కల మాష్టారు, ఆమాత్రం తెలుసు. అయినా ఆ క్షణాన ఆమె మాట అక్షరాలా నిజమనిపించింది. ఈ సూది తీస్తే నా చేత్తో నేనే దీని ప్రాణం తీసినవాణ్ణవుతాను అనుకున్నాడు. రెండో పిల్ల గోతి, దాని అంచున తడిమట్టి, తెల్ల దుప్పటి కొస, అన్నీ కళ్ళముందు నిలబడ్డాయి. దుప్పటి ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు. పైడమ్మ అతనికేసి చూసింది. బిడ్డ పాదాలు తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూనే ఉంది. ఆ పాదాల రంగు మారడం లేదు.

సూది పొడుగ్గా, మొనదేలి ఉంది. దానితో సహా చుడితే పసిదానికి గుచ్చుకుంటుంది. నరహరి కళ్ళు మూసుకుని సూది లాగేశాడు. మంచం మీంచి కామేశ్వరి చిన్నగా మూలిగింది.

తరువాత పైడమ్మ అతని చొక్కా గుండీలు తనే విప్పేసింది, మగాడివని సిగ్గుపడితే కుదరదంది. బిడ్డను తెచ్చి అతని గుండెకు ఆనించి, పైన ఆ పసుపు దుప్పటి కప్పి, గట్టిగా పట్టుకోమని చెప్పి తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నవాడి గడ్డం కిందే ఆ మొహం ఉంది. ఇక చూడక ఏం చేస్తాడు? చూశాడు. ముడతలు పడిన నుదురు, గట్టిగా మూసిన కళ్ళు. ఊపిరి ఒకటి వచ్చాక రెండోది వస్తుందో రాదో అన్నట్టు ఆగి ఆగి వస్తోంది. ఆ ఎడం వచ్చినప్పుడల్లా అతని ఊపిరి కూడా ఆగింది.

ఇంతలో దుప్పటి విడిపోవడం మొదలైంది. ముడి వెయ్యని కుట్లు కదా, అతను చెయ్యి సర్దుకున్నప్పుడల్లా ఒక కుట్టు జారి దాని కింది వరసలోకి దిగుతోంది. ఉండ మంచం కిందికి దొర్లి ఎక్కడో చిక్కుకుంది, కదిలితే ఊలు లాగేస్తోంది. అతనికి అల్లడం రాదు. ఆ కుట్లను మళ్ళీ ఎలా ఎక్కించాలో తెలియదు. తెలిసినదల్లా ఒక్కటే, విడుస్తున్న అంచును మొత్తంగా గుప్పిట్లోకి తీసుకుని బిగించి పట్టుకున్నాడు. ఒక చేత్తో బిడ్డ వీపు, ఇంకో చేత్తో అంచు. వేళ్ళు తిమ్మిరెక్కాయి, భుజం లాగింది, ముక్కు మీద ఈగ వాలింది. కదలలేదు. దేవుడి పేరు తలుచుకోవాలన్నా గుర్తుకు రాలేదని తరువాత నాతో చెప్పుకున్నాడు. ఇది పోతే నేనుండను అన్న మాట ఒక్కటే లోపల తిరుగుతోందట. మనసు పెట్టుకోకుండా ఉండడం గురించి అయ్యవారితో మాట్లాడిన మనిషి ఇతనేనా అని నాకు నవ్వొచ్చింది, అతని మొహం చూసి నవ్వు ఆపుకున్నాను.

పొద్దు వాలే వేళకు పిల్ల పాదాల్లో నీలం తగ్గింది. కాస్సేపటికి ఏడ్చింది కూడా, ఆకలి ఏడుపు. కామేశ్వరికి నెత్తురు ఆగింది. పైడమ్మ ఆమెను లేపి, దిండుకు చేరేసి, పిల్లకు పాలు పట్టించింది. కడుపు నిండాక మళ్ళీ తెచ్చి నరహరి గుండె మీదే పడుకోబెట్టింది, ఈ సలికి ఇదే మంచి సోటు అంది.

కబురు విని అయ్యవారు ఆ వానలోనే వచ్చారు. గొడుగు గుమ్మం బయట పెట్టి, కాళ్ళు కడుక్కుని, నరహరి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నారు. ఎలా ఉందని అడగలేదు. ఆ గుప్పిటకేసి చూశారు.

"చాలాసేపటినుంచి పట్టుకున్నట్టున్నావు. కాసేపు నాకివ్వు నాయనా, లేచి కాళ్ళు సాచుకో" అన్నారు.

నరహరి ఇవ్వలేదు. గురువు చెయ్యి చాపితే కాదనడం అదే మొదటిసారి. భయంగా ఉందండీ అన్నాడు. మునుపటికంటే తగ్గిందా అని ఆయన అడిగితే, లేదండీ, ఎక్కువైంది, ఇప్పుడు దీని మొహం చూశాను కదండీ అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

మంచం మీంచి కామేశ్వరి చెయ్యి చాపింది. సూది ఇమ్మంది, జారిన కుట్లు ఎత్తుకుని ఆఖరి వరస ముగించేస్తానంది. లేకపోతే తెల్లారేసరికి సగం దుప్పటి ఊడి ఊలవుతుందని చెప్పింది. ఇప్పుడు కంగారుపడడం నరహరి వంతైంది. వద్దు కామేశ్వరీ, ముగించకు, ఇలాగే పట్టుకుంటాను, పురుడు వెళ్ళేదాకా ఇలాగే పట్టుకుంటానని బతిమాలాడు. మధ్యాహ్నం సూది లాగేసిన మనిషేనా అన్నట్టు పైడమ్మ నోరు తెరుచుకుని చూసింది.

సూది చేతికొచ్చినా కామేశ్వరి మొదలుపెట్టలేకపోయింది. మొగుడి మొహం చూసింది, దుప్పటి చూసింది, చివరికి గురువుగారివైపు తిరిగింది.

"అయ్యవారూ, మీరే చెప్పండి. ముగించనా, వద్దా?"

ఈసారి కూడా చూద్దాం అంటారని నరహరి అనుకున్నాడు. బయట వాన పెంకుల మీద పడుతోంది. అయ్యవారు వంగి, మంచం కింద చిక్కుకున్న ఊలు ఉండను వెతికి తీసి, దుమ్ము దులిపి ఆమె పక్కన పెట్టారు.

"ముగిస్తే భయం, ముగించకపోతే భయం. భయం రెండువైపులా ఉందమ్మా. చలి మాత్రం ఒక్కవైపే ఉంది" అన్నారు.