పొలిమేర దాటి వచ్చిన అమ్మ

కెచ్చెలపాడు ముత్యాలమ్మ వారికి గుడి లేదు. ఊరి పొలిమేర అవతల, జీలుగు చెట్ల కింద, బోర్లించిన చెంబంత రాయి రూపంలో కొలువై ఉన్నారు. పోతురాజు ఊరి బయట ఉండడం మనకు తెలుసు. ఊరి తల్లే బయట ఉండడమేమిటని కొత్తగా వచ్చిన భక్తులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

పూర్వం ఇక్కడ తెల్లదొరల పాలనలో పోడు కొట్టడం నేరమైంది. కొండరెడ్లను పట్టుకుపోయి కూలి ఇవ్వకుండా రోడ్డు వేయించేవారు. కెచ్చెల సోమిరెడ్డి అనే యువకుడు కొండ ఊళ్ళన్నీ తిరిగి, ఎవరూ పార పట్టవద్దని చెప్పాడు. పని ఆగిపోయింది. రోడ్డు పని చేయించే దొరకు తిక్క రేగి, సోమిరెడ్డి దొరికేదాకా వదలనని ఊరి మగవాళ్ళను శిబిరంలో బంధించాడు. వాళ్ళను విడిపించడానికి సోమిరెడ్డి మైదానం కూలీల్లో కలిసి, బియ్యం బస్తా మోస్తూ ఆ శిబిరంలోకే వెళ్ళాడు.

దొరగారి గుమాస్తాకు అనుమానం వచ్చింది. కొత్త పండుగ చేసి అమ్మవారికి పెట్టనిదే కొండరెడ్లు ఆ ఏటి మామిడిని నోట పెట్టరు. అది తెలిసిన గుమాస్తా కూలీలను వరుసగా నిలబెట్టి తలా ఒక పండు ఇప్పించాడు. తిననివాడే సోమిరెడ్డి అన్నాడు. సోమిరెడ్డి టెంకదాకా చీకి మరీ తిన్నాడు. గుమాస్తా ముఖం మాడిపోయింది.

ఆ సాయంత్రం గాలివానకు సిపాయిలు డేరాల్లో దూరగానే, సోమిరెడ్డి దడి కోసి అందరినీ తప్పించాడు. వాళ్ళు ఇళ్ళు చేరారు. ఆయన మాత్రం పొలిమేర దగ్గరే కూర్చుండిపోయాడు. అమ్మకంటే ముందు తిన్నవాడు అడుగుపెడితే ఊరికి చేటని ఆయన నమ్మకం. పెద్దల నమ్మకమూ అదే. ఊళ్ళోకి రమ్మని ఎవరూ పిలవలేదు.

అమ్మవారికి ధూపం వేసే ముసలామె వలల కన్నమ్మ. ఆమె కొడుకులిద్దరూ ఆ శిబిరం నుంచే తిరిగి వచ్చారు. ఆమె ఎవరినీ అడగకుండా, అప్పటిదాకా ఊరి నడుమనే ఉన్న అమ్మవారి రాయిని పెకలించి, గంపలో పెట్టి నెత్తిన మోసుకొచ్చి సోమిరెడ్డి ముందు దించింది.

"అమ్మే ఇవతలికొచ్చిందిరా. ఇంక నువ్వు బయటోడివెలాగవుతావు?" అంది.

అని ఒక కొత్త మామిడిపండు తాను కొరికి, అమ్మవారి ముందు పెట్టింది. ఆ ఏటి కొత్త పండుగ అక్కడే జరిగింది. తరువాత రాయిని వెనక్కి తీసుకుపోదామంటే కదలలేదట. ఆ వానాకాలంలోనే తెల్లవాళ్ళు సోమిరెడ్డిని కాల్చి చంపారు. అప్పటికి ఆయన తన ఇంట్లో, తనవాళ్ళ మధ్య ఉన్నాడు.

నేటికీ ఇక్కడ అమ్మవారికి కొరికిన పండే నైవేద్యం. తప్పు చేసి ఇల్లు చేరలేనివారు వచ్చి ఈ చెట్ల కింద కూర్చుంటారు. వాళ్ళను వెతుక్కుంటూ ఇంటివాళ్ళు ముందుగా ఇక్కడికే వస్తారు. ఏం చేశావని అడిగే ఆచారం ఇక్కడ లేదు. పండు కొరికి చేతిలో పెట్టి, ఇంటికి పోదాం రమ్మంటారు.